భుజం మీదికెల్లి నుమాయిష్

మంట దగ్గరికి జర జరుగుండ్రి. పొగ మొకానికి కొడితే ఇటు దిక్కు రాండ్రి. కొడుకా, ఆ కందికట్టె కొంచెం లోపలికి నూకు, బాగ మండుతది.

బిడ్డా, ఇందాక బువ్వ తినుకుంట నువ్వొక మాట అన్నవు. చిన్నపిల్లల్ని ఎత్తుకొని పట్నంల జనవరిల పెట్టే ఎగ్జిబిషన్‌కు, అదే నుమాయిష్‌కు పోవుడంటే పరేషానే, వాళ్లు జర పెద్దగైనంక చూద్దాంలే అని. అప్పుడే చెప్దామనుకున్న, కంచం ముందట ఎందుకని ఊకున్న. ఇప్పుడు చెప్త విను. పెద్దగైనంక వాళ్లు చూసే నుమాయిష్ వేరు. మూడేండ్లకు, ఆరేండ్లకు, తొమ్మిదేండ్లకు చూసేది వేరు. మీ మేనత్తను, మీ నాయినను, మీ కాకను, ముగ్గురిని నేనొక్కన్నే తోలుకపోయిన దినం ఒకటున్నది. ఆ దినం ముచ్చట చెప్తే నీకే సమజైతది.

1975 జనవరి. ఆ ఏడే ఏప్రిల్‌ల మన హైదరాబాద్ పట్నంల ప్రపంచ తెలుగు మహాసభలు అయినయి, అందుకే ఏడు బాగ యాదికున్నది. పట్నంల ఇంక టీవీ లేదు, దూరదర్శన్ వచ్చింది 1977ల. పిల్లలకు సంబురమంటే ఎప్పుడన్నొక సినిమా, ఊర్ల జాతర, జనవరి వచ్చిందంటే నుమాయిష్. నేను రాణిగంజ్‌ల ఒక కార్ఖానల ఫిట్టర్ పని చేస్తుంటి. కవాడిగూడల కిరాయి ఇల్లు. మీ నాయనమ్మ మాతోని రాలే. నుమాయిష్‌ల ఆడోళ్లకని ఒక దినం వేరే పెడుతరు, మొగోళ్లను లోపలికి రానియ్యరు. ఆమె వాడకట్టు ఆడోళ్లతోని ఆ దినం పోయొచ్చింది. గాజులు, ఒక ఇత్తడి గిన్నె తెచ్చుకున్నది. పిల్లలు ఆ గిన్నె చుట్టు తిరుగుకుంట మమ్ములను ఎప్పుడు తోలుకపోతరని ఒకటే పోరు. ఇగ ఐతారం నేను తోలుకపోత అన్న.

దసర నుంచే ముగ్గురికి కలిపి ఒక గల్లగురిగి పెట్టి ఉంటి. చుట్టాలు వచ్చిపోయేటప్పుడు చేతుల పెట్టిన పైసలు, సామాను తెచ్చినంక మిగిలిన చిల్లర, అన్నీ అండ్లనే. ఆ దినం పొద్దుగాల తానాలు అయినంక నడింట్ల కూసోని గురిగి పగలగొట్టినం. అంచులు పువ్వు తీరు వంకలు తిరిగిన అల్యూమినియం పది పైసలు, తామర పువ్వు బొమ్మ ఉండే పసుపుపచ్చ ఇరువై పైసలు, నాలుగు మూలల ఐదు పైసలు, చాప మీద పరిచి మీ మేనత్త మూడు కుప్పలు చేసింది. తక్కువవడ్డది నేను కలిపిన. ఎవరి కుప్ప వాళ్లకు గుడ్డముక్కల మూటగట్టిచ్చి ఒక మాట చెప్పిన. టికెట్లు, బస్సు కిరాయి, తిండి నాయి. ఈ పైసలు మీయి. ఏం కొంటరో మీ ఇష్టం, నేను వద్దనను. కని అయిపోయినంక ఇంక అడగొద్దు. మీ కాకకు మూడేండ్లే. వాని మూట మీ మేనత్త తన మూటకాడనే దాసింది. ఎవ్వరు చెప్పలే, తనే ఆ బాధ్యత తీసుకున్నది.

ఇంకొక పని చేసిన. ముగ్గురి జేబులల్ల చీటీలు పెట్టిన. పిల్ల పేరు, నా పేరు, ఇల్లు ఏడుంటది, నేను పని చేసే కార్ఖాన ఏది, అన్నీ రాసి. తప్పిపోతే ఏం చెయ్యాలె అని మీ నాయినను అడిగిన. ఉరికి నిన్ను ఎతుకుత అన్నడు. అట్ల కాదు, ఉన్నకాడనే నిలవడాలె, నువ్వు కదిలితే నేను ఎతికే జాగ మారిపోతది, నేనే వస్త అని చెప్పిన. ఆయింత మాటను బస్సు ఎక్కేదాక వల్లె వేయించిన. ఇప్పటి పిల్లలకు కూడ ఇదే చెప్పాలె బిడ్డా. ఫోన్ నంబరు రాసి జేబుల పెట్టు, నిలవడుడు నేర్పు.

నుమాయిష్ తెరిచేది మధ్యాహ్నం దాటినంక. అందుకని పగటి బువ్వ తినవెట్టి చిన్నోన్ని కొంతసేపు పండవెట్టినం. నిద్ర చాలని పిల్లను జనంలకు తోలుకపోతే వానికీ సుఖముండదు, మనకూ ఉండదు. మీ నాయనమ్మ చపాతీలు, ఆలుగడ్డ కూర, సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాల పెట్టిచ్చింది. రాణిగంజ్‌ల డబుల్ డెక్కర్ ఎక్కినం. సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ పోయే ఏడో నంబరు బస్సు. పిల్లలు ఒకటే ఉరుకుడు, మీదికెక్కి ముందటి అద్దంకాడి సీటుల కూసున్నరు. ట్యాంక్‌బండ్ మీదికి రాంగనే నీళ్ల మీది గాలి మొకానికి కొట్టింది. సాగర్ల బుద్ధుడు అప్పుడు లేడు, ఆయనను నిలవెట్టింది 1992ల. ఒట్టి నీళ్లే. మీ నాయిన ఆ నీళ్లను, మీ మేనత్త కింద సైకిళ్లను చూసుకుంట కూసున్నరు. మీ కాక అద్దానికి నోరు ఆనిచ్చి ఊదుడు. వాళ్లకు నుమాయిష్ అక్కడనే షురువైంది. నేను మోజంజాహీ మార్కెట్ ఎప్పుడొస్తదా అని చూస్తున్న. వాళ్లకు ఆ తొందర లేనే లేదు.

దిగి నడుచుకుంట పోయినం. గేటు కాన్నే జనం. మైకులల్ల పాత హిందీ పాటలు, మధ్యమధ్యల ఎవరో తప్పిపోయిన్రని ఎలాన్లు. లోపలికి పోయినంక ఒక్క ఫర్లాంగు నడిచినమో లేదో మీ నాయిన ఏడుపు మొకం పెట్టిండు. ఏమైందిరా అంటే ఏం కనవడుతలేదు నాయినా అన్నడు. ఆరేండ్ల పోరడు, చెయ్యి పట్టుకొని నడుస్తుండు. చుట్టు ఇన్ని దుకాణాలు, ఇన్ని రంగులు, వీనికి ఏం కనవడకపోవుడేంది అని నేను వానికాడ గొంతుకూసున్న. వాని కండ్లు ఎంతెత్తుల ఉన్నయో నా కండ్లు అంతెత్తుల పెట్టి చూసిన.

బిడ్డా, నిజంగనే ఏం కనవడలే. మోకాళ్లు, చీర కుచ్చిళ్లు, సంచులు, చేతికర్రలు. నిలువెత్తు జొన్నచేన్ల నడిచినట్టే ఉన్నది. దుకాణంల బల్లమీద పరిచిన సామాను వానికి కనవడదు, కింద బల్లకు కట్టిన పరదా గుడ్డ కనవడుతది. మనం మన కండ్లకు కనవడ్డది చూసుకుంట, చూడరా అది చూడరా ఇది అని చెయ్యి గుంజుకుంట పోతం. వానికి అక్కడ ఏమీ ఉండదు. అదే అసలు పరేషాన్. పిల్లలు సతాయిస్తరని అంటం కని వాళ్లు చూసేది మనం చూడం.

ఇగ ఆడికెల్లి పద్ధతి మార్చిన. ఒకలి తరువాత ఒకలిని భుజం మీద ఎక్కిచ్చుకున్న. మీ మేనత్త తొమ్మిదేండ్లది, ఆమెను ఎక్కిచ్చుకోలేను గదా, దుకాణంకాడికి పోయినప్పుడల్లా ముందట నిలవెట్టి వెనుక జనాన్ని నేను ఆపిన. అందరు దుకాణాలు అన్నీ చూడాలని పోతరు. నేను ఆ దినం ఒక వరుసనే చూసిన కావచ్చు. కని చూసినకాడ నిలవడి చూసినం.

ఏటికొప్పాక లక్క బొమ్మల దుకాణం ముందట మేము ఎంతసేపు నిలవడ్డమో చెప్పలేను. ఏటికొప్పాక అంటే విశాఖపట్నం దిక్కు, వరాహ నది ఒడ్డుకున్న ఊరు. ఆడ ఒకాయన చిన్న తరిమెన పెట్టుకొని కూసున్నడు. తరిమెన అంటే లేత్ మిషన్. మా కార్ఖానల ఇనుమును తరిమేది ఏదో, అది కట్టెను తరిమేది, అంతే తేడా. అంకుడు కట్టె ముక్కను బిగిచ్చిండు. అంకుడు కట్టె తెల్లగ, మెత్తగ ఉంటది, పగలదు. అది తిరుగుతుంటే ఉలి ఆనిచ్చి చుట్టుచుట్టు పొరలు లేపిండు. పొర లేస్తుంటే మీ నాయిన చెయ్యి చాపిండు, ఆయన నవ్వి ఆ చుట్టను వాని చేతులనే పెట్టిండు. తరువాత లక్క పుల్ల తీసి తిరిగే కట్టెకు గట్టిగ ఆనిచ్చిండు. ఒరుసుకొని వేడైతది, ఆ వేడికి లక్క కరిగి కట్టెకు పట్టుకుంటది. ఎర్ర చార, పచ్చ చార, పసుపు చార. బ్రష్ లేదు, తడి రంగు లేదు. ఆఖరుకు మొగలి ఆకు పెట్టి రుద్దితే మెరుపు వచ్చింది.

మీ నాయిన నన్ను అడిగిండు, నాయినా, నువ్వు కూడ ఇట్లనే చేస్తవా అని. నేను చేసేది ఇనుముతోని బిడ్డా, ఇదే పని అన్న. అప్పటిదాక నేను పొద్దుగాల పోయి మాపటికి నూనె బట్టలతోని వచ్చేటోన్నే వాళ్లకు. ఏం చేస్తనో వాళ్లకు తెల్వదు. ఆ తరిమెన ముందట నిలవడ్డంకనే తెలిసింది. ఆ పోరడు నా చేతులను పట్టుకొని తిప్పి తిప్పి చూసిండు. నాకు ఆ దినం వచ్చినంత సంబురం ఏ జీతం దినం రాలే.

ఆడనే మీ నాయిన తన మూట ఇప్పి బొంగరం కొన్నడు. పైసలు అన్నీ అయిపోయినయి. ఇంక ఏం రాదు చూసుకో అన్న. సరే అన్నడు. మళ్ల ఆ రాత్రి దాక ఒక్క మాట అడగలే. పిల్లలకు పైసలు చేతుల పెట్టకుండ అది వద్దు ఇది వద్దంటే ఏడుస్తరు. వాళ్ల పైసలు వాళ్లకిచ్చి నీ ఇష్టం అంటే పెద్దోళ్లలెక్క ఆలోచిస్తరు. నేను నమ్మేది ఇదే.

పొద్దుగూకంగ గడ్డి మీద తువ్వాల పరిచి డబ్బా ఇప్పినం. దీపాలు పెట్టినప్పుడు మీ కాక చపాతీ నోట్ల పెట్టుకొని అట్లనే చూసుడు. రంగురంగుల బల్బుల తోరణాలు గ్రౌండంత ఒక్కసారి వెలిగినయి. నేను మిరపకాయ బజ్జీలు తెచ్చిన, వేడివేడిగ. మీ మేనత్తకు కారం ఎక్కువై సకినం మీద సకినం తిన్నది.

అప్పుడు అడిగింది మీ మేనత్త. నాయినా, ఈడ బడి ఎందుకున్నది అని. గ్రౌండుల ఒక దిక్కు పెద్ద కాలేజి కట్టడాలు కనవడుతయి గదా, అవి చూసి అడిగింది. నాకు తెలిసింది చెప్పిన, మా నాయిన నాకు చెప్పింది.

ఈ నుమాయిష్ మొదలువెట్టింది 1938ల. ఉస్మానియా యూనివర్సిటీల చదువుకున్నోళ్లు ఒక సంఘం పెట్టుకున్నరు. ఈ రాజ్యంల ఏమేం తయారైతున్నయో, ఎవరెవరు చేస్తున్నరో లెక్క తీయాలె, దానికి పైసలు కావాలె అని వాళ్లు చేసిన ఆలోచన. పేరే నుమాయిష్ మస్నుఆత్-ఎ-ముల్కీ. ముల్కీ అంటే ఈ ముల్కుది, ఈ దేశంది. అప్పుడు పెట్టింది బాగ్-ఎ-ఆమ్‌ల, అదే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్. యాభై దుకాణాలు, పది దినాలు. మా నాయిన వయసుల ఉన్నడు అప్పుడు, చూసొచ్చిండు. బీదర్ నుంచి వచ్చిన నల్లటి సామాను మీద వెండితీగె నాటుడు చూసి ఇంటికొచ్చి చెప్తుండె. జాగ చాలక 1946ల నాంపల్లి గ్రౌండుకు మార్చిన్రు. 1947ల, 1948ల పెట్టలే. రజాకార్లు, మిలిటరీ, ఆ గడబిడల నుమాయిష్ ఎవరికి యాదికుంటది. 1949ల మళ్ల షురువైంది. నేను ఐదేండ్ల పోరన్ని, మా నాయిన భుజం మీద కూసోని చూసిన. దీపాలు యాదికున్నయి, ఇంకేం యాదికి లేదు. ఆయన తలకు పెట్టుకున్న ఆముదం వాసన యాదికున్నది.

నుమాయిష్ సొసైటీ టికెట్ల మీద, దుకాణాల కిరాయి మీద వచ్చిన పైసలతోని కాలేజీలు నడుపుతది. అందుల ఆడపిల్లలకే ఎక్కువ. ఆ గ్రౌండుల్నే కమలా నెహ్రూ పాలిటెక్నిక్, వనితా మహావిద్యాలయ ఉన్నయి. ఇదంత నేను చెప్తుంటే మీ మేనత్త ఒకటే మాట అన్నది. అయితే మనం టికెట్టు కొన్నది బడికి ఇచ్చినట్టా? అవును బిడ్డా అన్న. ఆమె ఆ పాలిటెక్నిక్‌లనే చదివింది తరువాత. నేను చదువుమనలే. ఆమెనే ఫారం తెచ్చుకున్నది.

ఆ తరువాత పిల్లల రైలు ఎక్కినం. గ్రౌండు చుట్టు తిరిగే చిన్న రైలు. పెద్దోళ్ల మోకాళ్లు పట్టవు, ముడుసుకొని కూసోవాలె. మీ కాక ఆ రైలు దిగనన్నడు. మళ్లొకసారి ఎక్కిచ్చిన. జెయింట్ వీల్ ఎక్కలే, చిన్నోన్ని ఎత్తుకొని అంతెత్తు పోవుడు నాకు ఇష్టం లేదు. మీ మేనత్త కింద నిలవడి చూసి, వచ్చే ఏడు ఎక్కుత అన్నది, ఎక్కింది కూడ.

మౌత్ కా కువా, అదే చావుబావి, మాత్రం వదలం అన్నరు ఇద్దరు. మెట్లెక్కి మీదికి పోయి కట్టె గోడ అంచుకాడ నిలవడ్డం. చిన్నోని చెవులు నా శాలువల కప్పిన. కింద బావిల ఒకడు మోటర్‌సైకిల్ స్టార్టు చేసి అడుగున ఉన్న వాలు మీద రెండు చుట్లు తిరిగిండు. ఆ తరువాత నిటారు గోడ మీదికి. వాడు మన కాళ్ల కిందికెల్లి పోతుంటే మనం నిలవడ్డ పలకలు వణుకుతయి. మీ నాయిన నా కాలు గట్టిగ పట్టుకున్నడు కని కండ్లు మూయలే.

దిగినంక అడిగిండు, ఎందుకు పడడు నాయినా? చెంబుల నీళ్లు పోసి తాడుకట్టి గిరగిర తిప్పితే నీళ్లు కారయి చూడు, ఆ సంగతి చెప్పిన. బండి గోడను నొక్కుతది, గోడ బండిని లోపలికి నూకుతది. ఆ వత్తుడుకు టైరు గోడను పట్టుకుంటది. స్పీడు ఎంతుంటే పట్టు అంత. స్పీడు తగ్గిందనుకో, పట్టు తప్పుతది. అందుకే వాడు మీదికి పోకముందే కింద వాలు మీద స్పీడు అందుకుంటడు. పోరడు తెల్లారి ఇంటి వెనుక చెంబు తిప్పి తిప్పి మీ నాయనమ్మను తడిపిండు. వానికి సమజైంది.

ఇంటికి పోదామని గేటు దిక్కు వస్తున్నం. మీ మేనత్త ఆగింది. ఒక దుకాణం మూలకు నాలుగేండ్ల పోరడు గోడకానుకొని ఏడుస్తుండు. అమ్మీ, అమ్మీ అని. జనం చూసుకుంట పోతున్నరు, ఎవరిదో పక్కనే ఉండొచ్చని అనుకున్నరేమో. మీ మేనత్త పోయి ముందట కూసున్నది, నేను మీ నాయినకాడ గొంతుకూసున్నట్టే. వాడకట్టుల నేర్చుకున్న ఉర్దూల నామ్ క్యా హై అని అడిగింది. వాడు చెప్పలే. తన దగ్గరున్న సకినం ఇచ్చింది. సగం తిన్నంక పేరు చెప్పిండు.

మైకు గదికి తోలుకపోయినం. వాళ్లు ఉర్దూల, తెలుగుల రెండు తీర్ల ఎలాన్ చేసిన్రు, అంగి రంగు, లాగు రంగు చెప్పుకుంట. పాట ఆపి చెప్పిన్రు. కొంతసేపటికి వాళ్లమ్మ ఉరికొచ్చింది, బురఖ పైకెత్తుకొని, కాలికి చెప్పు ఒకటే ఉన్నది. పోరన్ని ఎత్తుకున్నదాక ఆమెకు మేము కనవడలే. తరువాత మీ మేనత్త గదుమ పట్టుకొని జీతీ రహో బేటీ అన్నది. ఆ మాట నేను ఎన్నడు మరువ.

ఆ పోరని జేబుల చీటి లేదు. మీ నాయిన అది గమనించిండు. అందుకేనా నాయినా నువ్వు చీటి పెట్టినవు అన్నడు. ఆరేండ్ల పోరనికి అంతకంటే బాగ ఎవరు చెప్తరు?

గేటుకాడ మీ కాక పీక కొన్నడు. మీ మేనత్త వాని మూట ఇప్పి కొనిచ్చింది. బస్సుల కూసున్నంక కూడ ఊదుడు ఆపలే, కండక్టర్ నవ్విండు. మీ మేనత్త తన పైసలు ఖర్చే పెట్టలే. గాజులు చూసింది, పోచంపల్లి చీరల దుకాణంకాడ రంగులు చూసింది, ఓరుగల్లు జంపఖానాలు ముట్టుకొని చూసింది. ఏమన్న కొనుక్కో బిడ్డా అన్న. నేను చూడనీకి వచ్చిన నాయినా అన్నది. మూటను అట్లనే ఇంటికి తెచ్చి కొత్త గురిగిల ఏసింది. నేను బలవంతం పెట్టలే. చూసుడే కావాలనుకున్న పిల్లకు కొనుక్కోమని చెప్పుడెందుకు?

ఇంటికి వచ్చేసరికి చిన్నోడు భుజం మీద పండుకున్నడు, చొంగ నా అంగి మీద. తెల్లారి భుజాలు పట్టేసినయి, కార్ఖానల సుత్తె ఎత్తలేకపోయిన. మేస్త్రి ఏమైందని అడిగితే నుమాయిష్‌కు పోయిన అన్న. ఆయనకు కూడ పిల్లలున్నరు, సమజు చేసుకొని ఆ దినం నన్ను బెంచి పనికి పెట్టిండు.

నువ్వు పరేషాన్ అంటున్నవు చూడు బిడ్డా, ఆ పరేషాన్ అబద్ధం కాదు. భుజాలు నొస్తయి, వాళ్లు ఏడుస్తరు, ఒకనికి దాహం, ఇంకొకనికి ఒంటికి, మనం అనుకున్నది సగం చూడం. కని అది మన దినం కాదు గదా. మనం చూసేది ఎన్నడన్న చూడొచ్చు. నేను మళ్ల ఎన్నో ఏండ్లు పోయిన, మీ నాయనమ్మతోని, దోస్తులతోని. అన్ని దుకాణాలు తీరువాటంగ చూసిన. అవి ఒక్కటి కూడ ఇట్ల యాదికి లేవు.

ఇప్పుడు శాన దుకాణాలంటున్నరు. కాశ్మీర్ శాలువలోళ్లు, లక్నో చికన్ బట్టలోళ్లు యాడాదికోసారి వచ్చి ఈ నెలన్నర బేరం మీదనే బతికేటోళ్లున్నరు. 2019 జనవరి 30 రాత్రి మంటలు లేసి ఎన్నో దుకాణాలు బుగ్గి అయినయి. ఒక్క పాణం పోలే, అది దేవుని దయ. కొన్ని దినాలకే మళ్ల తెరిచిన్రు. మన జనం పోయి కొన్నరు. కరోనా వచ్చి 2021ల పెట్టనే లేదు. 2022ల తెరిచిన తెల్లారే మూసి మళ్ల ఫిబ్రవరి ఆఖరుల తెరిచిన్రు. ఆ పెట్టని ఏడు నాకు జనవరి జనవరిలెక్కనే అనిపించలే. ఉన్నప్పుడే పోవాలె. పిల్లలు చిన్నగున్నది కూడ ఉన్నప్పుడే.

ఒక్కటే అడుగుత. ఫోటోలు తియ్యి, వద్దనను. కని ఒకటి రెండు తీసి ఫోన్ సంచిల ఏసుకో. వాళ్ల పక్కన గొంతుకూసోని ఒక్కసారి చూడు. ఏదన్న చేతుల తయారైతున్నకాడ నిలవడు, వాళ్లు కదిలేదాక నువ్వు కదలకు. పైసలు వాళ్ల చేతుల పెట్టు. మీ ఆయన భుజం ఇయ్యాలె, ఆయనకు నేను చెప్పిన్నని చెప్పు.

సంక్రాంతి సెలవులల్ల, ఐతారాలల్ల జనం దొబ్బుకుంటరు, చిన్నపిల్లలతోని ఆ దినాలు వద్దు. పండుగ అయినంక ఏదన్న మామూలు దినం చూసుకో. ఇప్పుడు మెట్రోల గాంధీభవన్ స్టేషన్ల దిగితే గేటు పక్కనే, మాలెక్క బస్సుల కోసం నిలవడే పని లేదు. మామూలుగ ఫిబ్రవరి నడుమ దాక ఉంటది. పట్నం పోంగనే తోలుకపో బిడ్డా.